ఓడ ఇరుసు అమ్మోరు

ఇనుము గురించి ఎవరైనా గొప్పలు చెబుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ముప్పై ఏళ్ళుగా లేతు మిషను ముందు నిలబడి ఇనుము కోస్తున్నాను. ఇనుము అబద్ధమాడగా ఒక్కసారీ చూడలేదు. మనుషులు ఆడగా చూశాను, నేనూ ఆడాను. ఆడినవాణ్ణి గనక రాస్తున్నాను.

బోర్డుల మీద యాంగాన్ అని ఉన్నా మా నోటికి ఇప్పటికీ రంగూనే. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రంగూను రేవులో బస్తాలు మోశాడు. రంగూనులోనే చిమిండైంగ్ పేటలో మా సందు నిండా ఒకప్పుడు అలాంటి కుటుంబాలే. ఇప్పుడు ఐదిళ్ళు మిగిలాం. మా ఇంటి వెనక పెరట్లో, రేకు కప్పు కింద మా అమ్మోరు ఉంటుంది. మా తాత ఊళ్ళో అయితే అమ్మోరు రాతి రూపు. రేవు కూలీలకు ఆ రాయి తెచ్చుకునే వీలెక్కడిది? ఏదో పెద్ద ఓడని రేవులో మరమ్మతు చేస్తూ దాని ఇరుసు కోశారట. తెగిన ముక్కని మా తాతా, ఇంకో నలుగురూ భుజాల మీద మోసుకొచ్చి, భూమిలో పాతి, పసుపు రాసి, కళ్ళు పెట్టారు. నడుమెత్తు ఇనుప కడ్డీ, ముంజేయంత లావు. అదే ఓడ ఇరుసు అమ్మోరు. సముద్రం దాటించిన ఇనుము గనక మమ్మల్నీ దాటిస్తుందని మా వాళ్ళ నమ్మకం.

ఈ కథని ఊరంతా చాటినవాళ్ళలో నేనే ముందు. లేతు పనివాణ్ణి కదా, నా మాటకి విలువ. ఎవరైనా చుట్టాలొస్తే పెరట్లోకి తీసుకెళ్ళి చూపించేవాణ్ణి. "చూడండి, ఇన్ని వానల్లో నిలబడింది, చిటికెడు తుప్పుందా? అది ఓడ ఉక్కంటే" అనేవాణ్ణి. వాళ్ళు తలూపేవారు. ప్రతి మంగళవారం మా అమ్మ ఆ కడ్డీని కడిగి, నువ్వుల నూనె పట్టించి, పసుపు మెత్తుతుంది. అమ్మకి ముందు మా నాయనమ్మ మెత్తేది. అన్నేళ్ళు నూనె తాగిన ఇనుముకి తుప్పెలా పడుతుంది? ఈ పాటి ఆలోచన పనివాడినై ఉండీ నాకు రాలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

నాకు తోడబుట్టింది ఒక్క అప్ప. నాకంటే ఆరేళ్ళు పెద్దది. నది అవతల ట్వాంటే పోయే దారిలో ఒక బర్మా ఆసామి భూమిని మా బావ కౌలుకి చేసేవాడు. పోయే ముందు ఏడాది అప్ప ఒంటి మీది బంగారం అమ్మి జపాన్ నుంచి వచ్చిన పాత ట్రాక్టరు కొన్నాడు. ఆ మరుసటి వానాకాలం పాము కరిచి పోయాడు. పిల్లల్లేరు. అప్ప ఇక మా ఇంటికి వచ్చేస్తుందనుకున్నాం. రాలేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి లుంగీ ఎగ్గట్టి ట్రాక్టరు తోలడం నేర్చుకుంది. సందులో వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. రెండు పంటలు తీసి చూపించాక నోళ్ళు మూశాం.

ఆసామి చెడ్డవాడని నేననను. ఒకటే మాటన్నాడు. వాసో పున్నమికల్లా, అంటే మన ఆషాఢ పున్నమికల్లా, దమ్ము పూర్తయి నాట్లు మొదలవ్వాలి, లేకపోతే భూమి వేరేవాళ్ళకి ఇచ్చేస్తానన్నాడు. అప్పకి ఆ భూమి తప్ప ఇంకేమీ లేదు.

పున్నమి ఇంకా పన్నెండు రోజులుందనగా పొద్దున్నే ఫోను చేసింది.

"తమ్మా, బండి ఒరిగిపోనాది రా. ఎనక సెక్రం బయిటికొచ్చీసింది. ఇరుసు విరిగినట్టుంది. నానేటి సేసేది ఇప్పుడు?"

పడవ దాటి వెళ్ళాను. ట్రాక్టరు బురదలో ఒక పక్కకి కూలబడి ఉంది. జాకీ పెట్టి లేపి, చక్రం తీసి, వెనక ఇరుసుని కప్పి ఉంచే హౌసింగు విప్పి, ఇరుసు రెండు ముక్కలూ బయటికి లాగాను. విరిగిన చోటు చూడగానే సంగతి తెలిసిపోయింది. సగం మేర నల్లగా పాత పగులు, మిగతా సగం తళతళలాడే కొత్త విరుగు. మా బావకి అమ్మిన మహానుభావుడు ఎప్పుడో పగిలిన ఇరుసుకి వెల్డింగు పెట్టి, సానపట్టి, రంగు పూసి అంటగట్టాడు. వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. కొన్నాళ్ళకి ఆ తిట్లన్నీ నాకే వర్తించాయి.

ఒక్క అదృష్టం, లోపలి పళ్ళచక్రాలు దెబ్బతినలేదు. మంచి ఇరుసు ఒకటి పడితే బండి మళ్ళీ నడుస్తుంది. ఆ మాటే అప్పకి చెప్పాను. "నువ్వున్నావు గదా తమ్మా, నాకు దిగులేటి?" అని గట్టు మీద కూర్చుని నాకు టిఫిను గిన్నె విప్పింది.

రంగూను శివారు ఇన్సేన్‌లో నా షెడ్డు. ఒక లేతు, పళ్ళు కోసే షేపరు ఒకటి, సాన మిషను. కరెంటు ఉన్న నాలుగు గంటలూ పని, పోయిన నాలుగు గంటలూ టీకొట్టు. విరిగిన ముక్కలు పట్టుకుని పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాను. ఆ మోడలు ఇరుసు దొరకదని ముందే తెలుసు, అంత పాత బండి అది. మామూలుగా మేం చేసే ఉపాయం ఒకటుంది. పాత లారీ ఇరుసు కొని, దాన్ని లేతు మీద తగిన కొలతకి కోసి, చివర పళ్ళు తీసి వేస్తాం. లారీ ఇరుసు మంచి ఉక్కు. కానీ సరుకు రాక సరిగ్గా లేని రోజులు. దొరికినవన్నీ సన్నగానో, పొట్టిగానో ఉన్నాయి.

ఇరవై ఏళ్ళుగా ఎరిగిన ముసలి కొట్టువాడు నా ముఖం చూసి జాలిపడ్డాడు. "సయా, మాండలే నుంచి నాకు ఒక లారీ ఇరుసు వస్తోంది. నీ కొలతకి సరిపోతుంది. పది రోజులు ఓపిక పట్టు" అన్నాడు బర్మాలో. మేస్త్రీలని ఇక్కడ సయా అంటారు, అంటే గురువు అని. పది రోజులాగి, ఆ పైన మూడు రోజులు పనిచేస్తే పున్నమి దాటిపోతుంది. కుదరదని చెప్పి ఇంటికొచ్చాను.

ఆ రోజు మంగళవారం. అమ్మ పెరట్లో కూర్చుని అమ్మోరికి నూనె పట్టిస్తోంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. లావు సరిపోతుంది. పొడవు సరిపోతుంది. ఓడని నడిపిన ఉక్కు. ఆలోచన వచ్చాక ఇక పోలేదు.

అమ్మతో అన్నాను. ఆమె చేతిలో నూనె గిన్నె అలాగే ఆగిపోయింది.

"ఏటన్నావు? అమ్మోరిని నరికి బండికి పెడతావా? నీ నోట్లో మన్నడ!"

"అప్ప బూమి పోతాదమ్మా. మన ఆడపిల్ల కూడు పోతుంటే సూస్తా నిలబడతాదా అమ్మోరు?"

ఇంట్లో నేనూ వాళ్ళలాగే మాట్లాడతాను. అమ్మ గిన్నె కింద పెట్టింది. ఎనభై దాటిన మనిషి. చేతులు తుడుచుకుంది.

"నన్నడక్కు. ఆయమ్మనే అడుగుదాం. కుడేపు పువ్విత్తే తీసుకో. ఇవ్వకపోతే మరీ మాట ఎత్తకు."

పువ్వు అడగడం మా వాళ్ళ ఆచారం. అమ్మోరి నుదుటి దగ్గర తడి పువ్వులు అటొకటి ఇటొకటి అంటించి, కోరిక చెప్పుకుని కూర్చుంటాం. కుడి పక్క పువ్వు ముందు రాలితే సరే అన్నట్టు, ఎడమ పక్కది రాలితే వద్దన్నట్టు. నా పెళ్ళికీ, షెడ్డు పెట్టడానికీ ఇలాగే అడిగారు. అప్పని కూడా పిలిపించాం. అమ్మ తలస్నానం చేసి, రెండు ఎర్ర మందారాలు అంటించి, కొంగు చాచి కూర్చుంది. కుడి పువ్వు జారి అమ్మ కొంగులో పడింది.

అమ్మ ఏడ్చింది. "ఒప్పుకుంది రా. తన పిల్ల కోసం తనే ఒప్పుకుంది" అంది. ఆ రాత్రే, ఇరుసు తయారై బండికి పడేదాకా అన్నం ముట్టనని మొక్కుకుంది కూడా. ఆ మొక్కు గురించి నాకు తర్వాత తెలిసింది.

మర్నాడు పొద్దున్న మట్టి తవ్వి కడ్డీని పైకి తీశాం. ఒక మూరెడు ముక్క అమ్మోరిగా మిగిల్చి తక్కినది నేను తీసుకోవాలని మాట. కరెంటు కట్టరు పెట్టొద్దంది అమ్మ, అమ్మోరికి ఆ చప్పుడు పనికిరాదట. చేతి రంపంతో కోశాను. అప్ప కడ్డీని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. అరపూట పడుతుందనుకున్న పని, ఒక టీ తాగేంత సేపట్లో సగానికి వచ్చేసింది.

"ఇంత సుళువుగా తెగుతోందేటి తమ్మా? ఓడ ఇనుము గదా?" అంది అప్ప.

"బ్లేడు కొత్తదప్పా" అన్నాను.

"బ్లేడు కాదు. తల్లి తనంతట తనే తెగి ఇత్తోంది" అంది అమ్మ.

ఓడ ఉక్కయితే రంపానికి అంత తేలిగ్గా లొంగదని నాకు అక్కడే అనుమానం తగిలింది. అయినా బ్లేడు కొత్తది కదా అని నన్ను నేనే దబాయించుకుంటూ ముక్కని గుడ్డలో చుట్టి షెడ్డుకి తీసుకెళ్ళాను.

షెడ్డులో చేసిన మొదటి పని, కడ్డీ కొసని సాన మిషనుకి తాకించడం. ఏ ఇనుము ఏ జాతిదో రవ్వలు చెబుతాయి. మంచి ఉక్కయితే రవ్వలు పొట్టిగా వచ్చి కొసన గుత్తులుగా విచ్చుకుంటాయి. మెత్తని ఇనుమయితే పొడవుగా, పసుపు గీతల్లా సాగిపోతాయి తప్ప విచ్చుకోవు. మా అమ్మోరి రవ్వలు పొడవుగా సాగాయి. మళ్ళీ తాకించాను, ఇంకో పక్క తాకించాను. గీతలే. కిటికీ చువ్వలకీ, గేట్లకీ వాడే ఉత్త ఇనుము. ఓడ ఇరుసు కాదు పాడు కాదు. ఏ గోదాము తలుపుకో వేసిన అడ్డ కడ్డీ అయ్యుంటుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

స్టూలు మీద కూలబడ్డాను. అప్పుడు ఫోను తీసి అప్పకి నిజం చెబితే సరిపోయేది. "ఇది పనికిరాదప్పా, ఆసామి కాళ్ళు పట్టుకుని నాలుగు రోజులు గడువడుగు, ఈలోగా ఎద్దుల్ని కుదుర్చుకో, లారీ ఇరుసు వస్తోంది" అంటే చాలు. ఆసామి వినేవాడో లేదో తెలియదు. కానీ ఆ అడిగే అవకాశం అప్పది. దాన్ని నేను తినేశాను.

ఎందుకు చెప్పలేదంటే సిగ్గు. మూడు తరాలు మొక్కిన అమ్మోరిని నా నోటితో అడిగి, నా చేత్తో నరికి, ఇప్పుడు అది చువ్వ ఇనుమని ఎలా చెప్పను? ఓడ ఉక్కని ఊరంతా చాటింది నేనే కదా. బురద మెత్తగా ఉంటుంది, అప్ప మెల్లగా తోలుతుంది, వారం రోజులు నిలబడితే చాలు, తర్వాత లారీ ఇరుసు మార్చేద్దాం. ఇలా లెక్కలు కట్టుకున్నాను. నా దగ్గరికి పని తెచ్చినవాడెవడైనా ఈ మాటలంటే చెంప పగలగొట్టేవాణ్ణి.

ఇరుసు చేశాను. అందులో మాత్రం లోపం లేదు. లేతు మీద కొలత తప్పకుండా తిప్పాను. షేపరు మీద ఒక్కో పన్నూ లెక్క తప్పకుండా తీశాను. ఎర్రగా కాల్చి నూనెలో ముంచాను, గట్టిపడుతుందేమోనన్న పిచ్చి ఆశతో. చల్లారాక ఆకురాయి పెట్టి చూశాను. గట్టిపడ్డ ఉక్కు మీద ఆకురాయి జారిపోవాలి. ఇక్కడ వెన్నలో దిగినట్టు దిగింది. ఆ గీత కనపడకుండా ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేశాను. పగుళ్ళకి రంగు పూసి అమ్మినవాడికీ నాకూ ఆ క్షణాన తేడా ఏముంది?

బండికి బిగించే రోజు అప్ప ఇరుసుని ఒళ్ళో పెట్టుకుని కుంకుమ బొట్టు పెట్టింది. హౌసింగులోకి పోయేదాకా దాని మీద చెయ్యి తియ్యలేదు. బేరింగు, సీలు, చక్రం, అన్నీ బిగించాను. ఇంజను స్టార్టు చేసి గేరు వెయ్యగానే బండి కదిలింది. అప్ప చెప్పులు విప్పి గట్టు మీద పెట్టింది.

"సెప్పులేసుకో అప్పా, పెడలు జారతాది."

"తప్పు తమ్మా. లోపల అమ్మోరుంది. తానం సెయ్యకుండా, సెప్పుల్తో నానెక్కను."

"మెల్లగా తోలు. రెండో గేరు దాటకు. దిగబడితే లాగకు, నాకు ఫోను సెయ్యి."

"బయమేటి? ఓడ ఇనుము, నీ సేతి పని" అని నవ్వింది. బావ పోయాక ఆమె అలా నవ్వడం అదే మొదలు. ఇంటికి ఫోను చేసి చెప్పగానే అమ్మ మూడు రోజుల ఉపవాసం విడిచి గంజి తాగింది.

రెండున్నర రోజులు నడిచింది. దమ్ము సగం పైగా అయింది. మూడో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. నాకు ఎత్తకముందే తెలుసు.

ఈసారి హౌసింగు విప్పితే లోపల ముద్దే. మెత్తని ఇరుసు తాడులా పురి తిరిగిపోయి, దాని పళ్ళు అరిగి జారి, జారిన ఇరుసు గిర్రున తిరుగుతూ పళ్ళచక్రాలని నమిలేసింది. హౌసింగు కూడా చీలింది. పాత ఇరుసు విరిగినప్పుడు చెక్కుచెదరనివన్నీ నా ఇరుసు పోయినప్పుడు పోయాయి. ఇక ఏ ఇరుసు తెచ్చినా ఆ బండి లేవదు. ఆ చక్రాలు రంగూనులో ఎక్కడా దొరకవు.

అప్ప బురదలోనే కూర్చుంది. నన్ను తిడుతుందేమోనని నిలబడ్డాను. తిడితే అప్పుడే చెప్పేసేవాణ్ణి, అలాగని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను.

"తప్పు నాదే తమ్మా" అంది. "ఇయ్యాల వోన పడతాదని తొందరపడి తానం సెయ్యకుండా ఎక్కీసినాను. అమ్మోరికి కోపమొచ్చింది."

చక్రం కింద జాకీ సరిచేస్తున్నట్టు వంగాను.

ఆసామి వచ్చి చూశాడు. "ఆమా, ఇంక నేనేం చెయ్యగలను" అన్నాడు, అప్పని బర్మాలో అక్కా అని పిలుస్తూ. "అయ్యా, పున్నమి దాకా ఆగండి" అని అప్ప చేతులు జోడించింది. ఆయన ఆగాడు. పున్నమి మర్నాడు రెండు ట్రాక్టర్లున్న ఇంకో మనిషికి భూమి అప్పజెప్పాడు. అప్ప ఆ ఏడు అదే చేలో, వేరేవాళ్ళతో పాటు వరసలో వంగి, కూలికి నాట్లు వేసింది. ట్రాక్టరుని పాత ఇనుము కింద అమ్మేశాం. కొన్నది ఆ ముసలి కొట్టువాడే.

వాడు మాట తప్పలేదు. సరిగ్గా పదో రోజుకి లారీ ఇరుసు వచ్చింది. వద్దనడానికి నోరు రాక తెచ్చుకుని షెడ్డు మూల నిలబెట్టాను. ఒకసారి సానకి తాకించి చూశాను. రవ్వలు గుత్తులు గుత్తులుగా విచ్చుకున్నాయి.

అమ్మ నన్ను ఒక్కసారే అడిగింది. "పువ్విచ్చింది గదరా, మరెందుకిలా సేసింది?" ఆమే జవాబు చెప్పుకుంది. "అడగడం నాకే సరిగ్గా వొచ్చి ఉండదు. ముసిల్దాన్ని, ఏ మాట తప్పు పలికేనో." ఆ తర్వాత అమ్మోరికి పువ్వు అంటించడం మానేసింది. సందులో వాళ్ళు వచ్చి అడిగినా తనకి ఆ అర్హత లేదంటుంది.

నిజం నా దగ్గరే ఉంది. పళ్ళ సందులో ఇరుక్కున్న పీచులా ఉంది. చెబితే అప్పకి తప్పు చేశానన్న బాధ పోతుంది, అమ్మకి మాట తప్పు పలికానన్న దిగులు పోతుంది. కానీ అమ్మోరు పోతుంది. చువ్వ ఇనుముకి మూడు తరాలు మొక్కామని వాళ్ళకి తెలుస్తుంది. అమ్మోరి కోసమే చెప్పడం లేదని చాలాకాలం అనుకున్నాను. అదీ అబద్ధమే. నా కోసమే చెప్పడం లేదు.

ఇప్పుడు మూరెడు అమ్మోరే మిగిలింది, రేకు కప్పు కింద. ప్రతి మంగళవారం అప్ప పడవ దాటి వస్తుంది. పసుపు నీళ్ళలో వేపరెమ్మలు వేసిన ముర్రాట నెత్తిన పెట్టుకుని, సందు మొదటి నుంచి చెప్పుల్లేకుండా నడుస్తుంది. ఆ నీళ్ళు ముక్క మీద పోసి, రెండు చెవులూ పట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుంటుంది.

"నా బండి కోసమే గదా తల్లీ నిన్ను నరికింది. నాను సేసిన తప్పుకి నా బూమి తీసుకున్నావు, సాలు. తమ్ముడి జోలికి పోకు. ఆడికేటీ తెల్దు."

నేను తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడతాను, అది నా పని. మొక్కు అయ్యాక ఆమె లేచి ముఖం తుడుచుకుని, ఆకులో బెల్లం ముక్క, కొబ్బరి ముక్క పెట్టి నా చేతికిస్తుంది. మొన్న మంగళవారం నేను తీసుకోకుండా కాసేపు అలాగే నిలబడ్డాను.

"తిను తమ్మా" అంది అప్ప. "నీ తప్పేటీ నేదు."

తిన్నాను.